కాలనీ రోడ్డు మీద బండ్ల జోరు తగ్గించాలంటే: ముగ్గుపిండి నుంచి హంప్ దాకా

మెయిన్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర నాలుగు బండ్లు ఆగితే చాలు, ఐదో బండి కాలనీలోకి మళ్లుతుంది. గుంతల రోడ్డుగా ఉన్నన్నాళ్లు మెల్లగా పోయినవాళ్లే, కొత్త సీసీ రోడ్డు పడగానే దూసుకుపోతారు. చివరికి ఎవరి బిడ్డకో దెబ్బ తగులుతుంది. ఆ సాయంత్రమే నలుగురు కలిసి మేస్త్రీని పిలిపించి, రెండు బస్తాల సిమెంటు కలిపించి, రోడ్డుకు అడ్డంగా ఒక కట్ట పోయించేస్తారు. కోపంలో కట్టిన ఆ కట్టే చాలాచోట్ల తరువాతి ప్రమాదానికి కారణమవుతోంది.

అడుగు వెడల్పు, అరడుగు ఎత్తు ఉన్న కట్ట మీద ఏం జరుగుతుందో ఒకసారి నిలబడి చూడండి. మెల్లగా వచ్చే స్కూటరు ముందు చక్రం ఎక్కి దబ్బున దిగుతుంది, ఆ వెంటనే వెనక చక్రం. వెనక కూర్చున్న పెద్దావిడ నడుముకు ఆ కుదుపు పూర్తిగా తగులుతుంది. అదే కట్ట మీద కారు వేగంగా పోతే, స్ప్రింగులు పైకి కిందికి కదిలేలోపే చక్రం దాటేస్తుంది. కుదుపులో చాలా భాగాన్ని టైరు, సస్పెన్షనే మింగేస్తాయి. అంటే పొట్టి కట్ట మెల్లగా పోయేవాళ్లను శిక్షించి, జోరుగా పోయేవాళ్లను వదిలేస్తుంది. వెడల్పాటి హంప్ తీరు వేరు. దాని మీద బండి మొత్తం ఎక్కి మొత్తం దిగాలి, కాబట్టి వేగం పెరిగేకొద్దీ కుదుపూ పెరుగుతుంది. ఈ తేడా తెలిస్తే మిగతా కొలతలన్నీ ఎందుకో అర్థమవుతాయి.

గంటకు 30 కిలోమీటర్ల వేగం ఎందుకు అడగాలో కూడా ముందే లెక్క వేసుకోండి, మీటింగులో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. పిల్లవాడు గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాడనుకుందాం. చూసి బ్రేకు మీద కాలు వేయడానికి డ్రైవరుకు ఒక సెకను పడుతుంది. 30లో పోయే కారు ఆ సెకనులో 8 మీటర్లు పోయి, బ్రేకు పడ్డాక మరో 5 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 13 మీటర్లు. 50లో పోయే కారు ఆ ఒక్క సెకనులోనే 14 మీటర్లు పోతుంది. అంటే మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోట రెండో కారు ఇంకా బ్రేకే వేయలేదు, 50 వేగంతోనే ఉంది. మనుషులు, బండ్లు కలిసి తిరిగే వీధుల్లో 30 దాటకూడదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోం ప్రకటన చెప్పింది కూడా ఈ కారణంతోనే.

మొదట కొలవండి

"ఇక్కడ బండ్లు చాలా స్పీడుగా పోతున్నాయండీ" అని రాసిన అర్జీలు వార్డు ఆఫీసులో గుట్టలుగా ఉంటాయి. అంకె ఉన్న అర్జీ వేరుగా కనిపిస్తుంది. దానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు.

రోడ్డు తిన్నగా ఉన్న చోట టేపుతో సరిగ్గా 50 మీటర్లు కొలిచి, రెండు కొసల్లో సుద్దతో అడ్డగీత గీయండి. బండి ముందు చక్రం మొదటి గీత తాకినప్పుడు స్టాప్‌వాచ్ నొక్కి, రెండో గీత తాకినప్పుడు ఆపండి. 180ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 6 సెకన్లయితే 30, నాలుగున్నరయితే 40, 3.6 అయితే 50. 25 మీటర్లతో సరిపెట్టొద్దు. వేలు నొక్కడంలో వచ్చే చిన్న ఆలస్యం కూడా అంత తక్కువ దూరంలో పెద్ద తప్పవుతుంది. రెండో గీతను ఏటవాలుగా చూసినా లెక్క తప్పుతుంది కాబట్టి, ఒకరు మొదటి గీతకు ఎదురుగా నిలబడి చెయ్యి దించితే మరొకరు రెండో గీత దగ్గర గడియారం నొక్కాలి.

ఇంకా కచ్చితంగా కావాలంటే ఫోనును రెండో అంతస్తు పిట్టగోడ మీద కదలకుండా పెట్టి, రెండు గీతలూ కనబడేలా వీడియో తీయండి. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో రెండు గీతల మధ్య ఎన్ని ఫ్రేములు పట్టాయో లెక్కపెట్టి, 5400ని ఆ సంఖ్యతో భాగించండి. 135 ఫ్రేములయితే 40 కిలోమీటర్లు. చీకటి పడ్డాక చాలా ఫోన్లు ఫ్రేముల సంఖ్యను వాటంతటవే తగ్గించేస్తాయి, కాబట్టి రాత్రి లెక్కకు స్టాప్‌వాచే నయం.

పొద్దున స్కూలు వేళ, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ, రాత్రి పదింటికి ఒకసారి కొలవండి. వేళకు 100 బండ్లు ఉండాలి. టూ వీలర్లు, ఆటోలు, కార్లు వేరువేరుగా రాయండి. ముందు బండి వెనక ఇరుక్కుని వచ్చినవాటిని, మధ్యలో ఇంట్లోకి తిరిగినవాటిని వదిలేయండి. మెరిసే జాకెట్లు వేసుకుని రోడ్డు పక్కన నిలబడొద్దు; పోలీసులనుకుని అందరూ మెల్లగా పోతారు, మీ లెక్క పాడవుతుంది. గేటు లోపల కుర్చీ వేసుకుని కూర్చోండి.

వచ్చిన 100 అంకెలను చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసగా రాసి, 85వ అంకె దగ్గర గీత గీయండి. ఇంజినీర్లు చూసేది సగటును కాదు, ఈ 85వ అంకెనే. అది 30 లోపు ఉంటే మీ రోడ్డుకు హంప్ అవసరం లేదు. భయం పుట్టిస్తున్నది వేగం కాదు, మూల మీద అడ్డుగా పెరిగిన చెట్టో, వెలగని వీధిదీపమో అయి ఉంటుంది. 40 దాటితే కచ్చితంగా పని ఉంది.

రెండో లెక్క, ఎంతమంది దారి మళ్లి వస్తున్నారన్నది. రోడ్డు రెండు కొసల్లో ఇద్దరు కూర్చుని అరగంట పాటు ప్రతి బండి నంబరు చివరి నాలుగంకెలు, టైము రాయాలి. తరువాత రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. 340 మీటర్ల రోడ్డును 30 వేగంతో దాటడానికి 41 సెకన్లు చాలు. ఒకే నంబరు రెండు నిమిషాల లోపు రెండు కాగితాల్లోనూ ఉంటే అది మీ కాలనీలో ఆగని బండి. పని అయ్యాక ఆ నంబర్ల కాగితాలు చింపేయండి, మొత్తాలు చాలు. ఇదే లెక్క పక్క వీధిలో కూడా ఈ దశలోనే తీసి పెట్టుకోండి. ఎందుకో తరువాత చెబుతాం.

జోరుగా పోయేవాటిలో మన కాలనీ బండ్లే ఎక్కువని తేలితే దాచిపెట్టకండి. అసోసియేషన్ మీటింగులో ఆ కాగితం చదివి వినిపించడం కూడా పనిలో భాగమే. పదో తరగతి పిల్లాడి చేతికి స్కూటీ తాళాలిచ్చే ఇళ్లు ఉంటే, మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షను కింద 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి పడతాయని ఆ మీటింగులోనే చెప్పాలి.

టేపు పట్టుకుని రోడ్డంతా నడవండి

గ్రాఫ్ కాగితం మీద ఒక గడికి ఒక మీటరు చొప్పున రోడ్డు గీసుకుని, ప్రతి గేటు, ర్యాంపు, మ్యాన్‌హోలు, మంచినీళ్ల వాల్వు, కరెంటు స్తంభం, చెట్టు, వర్షం నీరు పారే వైపు గుర్తు పెట్టండి. స్కూలు బస్సు ఆగేచోటు, పిల్లలు ఆడేచోటు, కూరగాయల బండి నిలిచేచోటు కూడా. 30 అడుగుల రోడ్డు అని మనం చెప్పుకునేదానిలో నిజంగా బండ్లు నడిచే సీసీ చాలాచోట్ల 18 అడుగులే ఉంటుంది. అసలు వెడల్పు రాసుకోండి.

ఈ నడకలోనే సగం పని దొరుకుతుంది. మూల నుంచి 5 మీటర్ల దాకా పార్కింగు లేకుండా చేయడం, కాంపౌండు మీంచి వేలాడే కాగితంపూల కొమ్మలు కత్తిరించడం, వీధిదీపం బాగుచేయించడం. వీటికి ఇంజినీరు డిజైను అక్కర్లేదు, రెండు ఆదివారాలు చాలు. దయచేసి వీటిని ముందు చేయండి. మూల మీద కనబడకుండా ఉంచి హంప్ కట్టినా ప్రయోజనం ఉండదు.

అర్జీ, సంతకాలు

లేఅవుటు రోడ్డు కాలనీది కాదు, మున్సిపాలిటీది. దాని మీద అనుమతి లేకుండా ఏది కట్టినా, అక్కడ ఎవరైనా పడితే కట్టించినవాళ్ల మీదికి వస్తుంది. దారిలో ఆటంకం కలిగించినందుకు భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షను కింద 5,000 రూపాయల దాకా జరిమానా ఉంది. మనిషికి దెబ్బ తగిలితే కేసు అక్కడితో ఆగదు. గేటు పెట్టి తాళం వేయాలన్న ఆలోచన కూడా ఇలాంటిదే. హైదరాబాదులో రోడ్లకు అడ్డంగా ఉన్న ప్రహరీలను హైడ్రా కూల్చిన సంగతి అందరికీ తెలుసు. పైగా రాత్రి రెండింటికి అంబులెన్సు వచ్చి తాళం వేసిన గేటు ముందు నిలబడితే, ఆ నిమిషాలను ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

అసోసియేషన్ సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి, మినిట్స్ పుస్తకంలో రాయండి. తరువాత హంప్ అనుకున్న చోటుకు రెండు వైపులా 30 మీటర్ల లోపు ఉన్న ప్రతి ఇంటి సంతకం తీసుకోండి, అద్దెకున్నవాళ్లది కూడా. రాత్రంతా బ్రేకుల చప్పుడు వినేది వాళ్లే. "మా ఇంటి ముందు తప్ప ఎక్కడైనా" అనే ఇల్లు ప్రతి వీధిలో ఉంటుంది. వాళ్లతో వాదించకుండా రెండిళ్ల మధ్య ఉమ్మడి గోడకు ఎదురుగా హంప్ వచ్చేలా జరపండి, ఎవరి గేటు ముందూ పడదు. రెండు మూడు మీటర్లు జరపడంతో డిజైనుకు నష్టమేమీ లేదు.

అర్జీ రెండు కాపీలు: ఒకటి మున్సిపల్ ఇంజినీరింగు విభాగానికి, అంటే మీ వార్డు అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) లేదా డిప్యూటీ ఇంజినీరు (డీఈ)కి, ఒకటి ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుకు. వేగం లెక్క, గ్రాఫ్ కాగితం స్కెచ్, తీర్మానం కాపీ, సంతకాలు జత చేయండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు నంబరు రాయించుకోండి. పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే తెలంగాణలో సోమవారం ప్రజావాణికి, ఆంధ్రప్రదేశ్‌లో సోమవారం ప్రజా ఫిర్యాదుల వేదిక పీజీఆర్ఎస్‌కు అదే నంబరుతో వెళ్లండి.

అర్జీలో వాడే మాట ముఖ్యం. "స్పీడ్ బ్రేకర్ వేయించగలరు" అని రాస్తే, వేరేచోట మిగిలిన తారు తెచ్చి గుట్టగా పోసి వెళ్లినా మీరడిగింది ఇచ్చినట్టే. ఇలా రాయండి (ఐఆర్‌సీ 99 అంటే స్పీడ్ బ్రేకర్ల మీద ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన మార్గదర్శకాలు): "ఫలానా రోడ్డులో 100 బండ్లను కొలవగా 85వ వేగం గంటకు 44 కిలోమీటర్లు ఉన్నది. 1988 నాటి ఐఆర్‌సీ 99 కొలతలతో, అంటే 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు గల హంపులు, హెచ్చరిక బోర్డులు, పెయింటుతో సహా ఏర్పాటు చేయగలరు. అంతకుముందు రెండు వారాల తాత్కాలిక ట్రయలుకు అనుమతి ఇవ్వగలరు."

ముగ్గుపిండితో ట్రయల్

అనుమతి వచ్చాక ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టండి. వీధిలోకి తిరిగే మూలతో ప్రారంభించడం మంచిది. మూల ఎంత గుండ్రంగా, విశాలంగా ఉంటే బండి అంత జోరుగా తిరుగుతుంది. తాడు ఒక కొసను మేకుకు కట్టి, 3 మీటర్ల దగ్గర ముడి వేసి, ఆ ముడి పట్టుకుని ముగ్గుపిండితో పావు చుట్టు గీయండి. ఆ గీతకూ పాత మూలకూ మధ్య ఖాళీలో ముగ్గుపిండిని పల్చగా చల్లండి. అంతే, సాయంత్రం దాకా వదిలేయండి.

సాయంత్రం వచ్చి చూస్తే రోడ్డు తన లెక్క తానే చెబుతుంది. టైర్లు తొక్కిన చోట పిండి నలిగి నల్లబడి ఉంటుంది. తొక్కని చోట పొద్దున చల్లినట్టే తెల్లగా ఉంటుంది. ఆ తెల్లటి జాగా బండ్లకు అక్కర్లేని జాగా; దాన్ని నడిచేవాళ్లకో, మొక్కలకో ఇచ్చినా ఏ బండికీ ఇబ్బంది లేదు. ఒకే ఒక్క జత వెడల్పాటి టైరు గుర్తులు లోపలికి వచ్చి ఉంటే అది వాటర్ ట్యాంకరో, స్కూలు బస్సో. దాని కోసం గీతను అరమీటరు వెనక్కి జరపండి. వేసవిలో మూలల్లో దుమ్ము పేరుకున్న చోటు చూసినా ఇదే తెలుస్తుంది, కానీ ముగ్గుపిండి మీదయితే అనుమానానికి తావుండదు. వాన సూచన ఉన్న రోజు మాత్రం వద్దు.

తరువాత రెండు వారాలు కోన్లతో, డ్రమ్ములతో నడిపించండి. 75 సెంటీమీటర్ల కోన్లు ఒక్కో మూలకు ఆరు. 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్మును అడ్డంగా కోసి, అడుగున నాలుగు రంధ్రాలు పెట్టి, మట్టి నింపి, గట్టి మొక్క నాటితే కదలని తొట్టె అవుతుంది. పాత టైర్లు వాడితే లోపలి అంచు దాకా మట్టి కూరండి, కింద రంధ్రాలు చేయండి. ఖాళీ టైరులో నిలిచిన వాన నీరు డెంగీ దోమకు పుట్టిల్లు. ప్రతి డ్రమ్ముకూ రెండు ఎత్తుల్లో ఎరుపు తెలుపు రిఫ్లెక్టివ్ టేపు చుట్టండి, కింద ఒకటి, పై అంచు దగ్గర ఒకటి. బండ్రాయి, ఇనుప స్తంభం, ఇటుకల గుట్ట ఎప్పుడూ పెట్టొద్దు. రాత్రి టూ వీలరు వాటికి తగిలితే ప్రాణమే పోతుంది.

రోడ్డు మధ్య భాగాన్ని సన్నం చేయడానికి పార్కింగునే వాడుకోవచ్చు. ఒకే వైపు వరుసగా కార్లు పెట్టే బదులు, 40 మీటర్ల దాకా ఎడమ వైపు, తరువాత 40 మీటర్లు కుడి వైపు పెట్టించండి. తిన్నగా కనిపించిన రోడ్డు కాస్త వంకర తిరుగుతుంది, కాలు తానంతట తానే యాక్సిలరేటరు మీంచి లేస్తుంది. మార్పు జరిగేచోట రెండు తొట్లు పెట్టకపోతే వారం తిరక్కుండానే మళ్లీ పాత వరుసకు వచ్చేస్తారు. ఎక్కడ సన్నం చేసినా 4 మీటర్లు ఖాళీగా వదలాల్సిందే, ఫైరింజను దూరాలి. అనుమానం ఉంటే ట్యాంకరు డ్రైవరును అడిగి ఒకసారి నడిపించి చూడండి. వినాయక చవితి రోజుల్లో మండపం పక్కనుంచి బండ్లు ఎంత నెమ్మదిగా పోతాయో గుర్తు చేస్తే, రోడ్డు సన్నమైతే ఏం జరుగుతుందో మీటింగులో ఎవరికీ వేరే వివరణ అక్కర్లేదు.

రెండో వారం చివర అదే గీతల మధ్య, అవే వేళల్లో మళ్లీ కొలవండి. 85వ అంకె 30 దగ్గరికి దిగితే హంప్ అవసరమే రాకపోవచ్చు, తొట్లను శాశ్వతం చేయమని అడగండి. దిగకపోతే హంప్ వైపు వెళ్దాం.

హంప్: కొలత తప్పితే కట్టకపోవడమే మేలు

1988 నాటి ఐఆర్‌సీ 99లో ఇచ్చిన కొలత ఇది: బండి పోయే దిశలో 3.7 మీటర్లు, మధ్యలో ఎత్తు 10 సెంటీమీటర్లు, పైభాగం 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో ముక్క. దీన్ని గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఇబ్బంది లేకుండా దాటవచ్చు. 3.7 మీటర్లంటే పన్నెండు అడుగుల పైచిలుకు. ఒక కారు దాదాపు పూర్తిగా దాని మీద పడుతుంది. మేస్త్రీకి ఈ మాట చెబితే మొదట నమ్మడు. కాబట్టి నోటితో చెప్పకుండా అచ్చు చేసి చేతిలో పెట్టండి.

12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో అచ్చు చేయాలి. నేల మీద 3.7 మీటర్ల గీత గీసి, మధ్య బిందువు నుంచి రెండు వైపులా ఈ ఎత్తులు గుర్తు పెట్టండి: మధ్యలో 10 సెంటీమీటర్లు, అరమీటరు దూరంలో 9.3, ఒక మీటరు దూరంలో 7.1, మీటరున్నర దూరంలో 3.4, 1.85 మీటర్ల దగ్గర సున్నా. ఈ బిందువులను వంగే పీవీసీ పైపుతో కలిపి గీత గీసి, ఆ ఒంపు కిందకు వచ్చేలా కోయండి. అంటే అచ్చును హంప్ మీద బోర్లిస్తే సరిగ్గా కూర్చోవాలి. రెండు ముక్కలుగా చేసి మధ్యలో బోల్టు వేస్తే మోయడం తేలిక.

ఎక్కడ కట్టాలి? 340 మీటర్ల రోడ్డు, రెండు కొసలా మెయిన్ రోడ్లు ఉన్నాయనుకోండి. మెయిన్ రోడ్డు అంచు నుంచి 5 మీటర్ల లోపలికి ఒకటి, అక్కడి నుంచి 110 మీటర్లకొకటి చొప్పున వేస్తే, అవతలి కొసన మళ్లీ 5 మీటర్ల దగ్గర నాలుగోది పడుతుంది. రెండు హంపుల మధ్య 100 నుంచి 120 మీటర్లు ఉండాలి. దూరం ఎక్కువైతే మధ్యలో మళ్లీ జోరందుకుంటారు, ఒక్కటే కడితే దాని ముందు ఆగి, దాటగానే కోపంగా లాగేస్తారు. మలుపు దాటిన వెంటనే, దిగుడు వాలులో, మ్యాన్‌హోలు మీద, గేటు ర్యాంపుకు ఎదురుగా వద్దు. వీధిదీపం వెలుగు పడేచోట కట్టండి. కిందికి వేలాడే తీగలున్న చోటా వద్దు. ఊరేగింపు విగ్రహం హంప్ ఎక్కినప్పుడు నాలుగు అంగుళాలు పైకి లేస్తుంది.

5.5 మీటర్ల సీసీ రోడ్డుకు రెండు అంచుల్లోనూ 30 సెంటీమీటర్ల చొప్పున వాన నీటికి వదలాలి. మిగిలిన 4.9 మీటర్ల పొడవు హంప్‌కు సుమారు 1.2 ఘనపు మీటర్లు పడుతుంది. నీటికి వదిలిన సందు 30 కంటే పెరిగితే టూ వీలర్లన్నీ అందులోంచే పోతాయి, అక్కడే నడిచేవాళ్లు ఉంటారు. సందులో నీరు నిలుస్తుందో లేదో కట్టకముందే రెండు బకెట్లు పోసి చూడండి.

సీసీ రోడ్డు మీద కాంక్రీటు హంపే నిలుస్తుంది. తారు హంప్ సీసీ మీద సరిగా అతుక్కోదు. బ్రేకులు పడే వైపుకు జరిగి, రెండు వానాకాలాల్లో పెచ్చులు లేస్తుంది. కాంక్రీటుకు ఉన్న బలహీనత అంచు: సున్నా మందానికి పల్చబడే చోట మొదటి నెలలోనే విరుగుతుంది. అందుకని రెండు అంచుల్లోనూ పాత రోడ్డును 30 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల లోతు గాడిగా కోయించండి. కొత్త కాంక్రీటు ఆ గాడిలోకి దిగి ముగుస్తుంది. మిగతా ఉపరితలాన్ని చెక్కి గరుకు చేసి, కడిగి, తడిపొడిగా ఉన్నప్పుడు సిమెంటు పాలు పూసి, ఎం25 కాంక్రీటు పోయాలి. గాడితో కలిపి 1.35 ఘనపు మీటర్లు, వృథాతో ఒకటిన్నర తెప్పించండి. అచ్చును ప్రతి అరమీటరుకూ పెట్టి చూస్తూ, పై పొరను చీపురుతో అడ్డంగా గీతలు పడేలా గరుకు చేయండి. నున్నగా తాపీ పట్టిస్తే వానలో టూ వీలరు జారుతుంది. తడి గోనె సంచులు కప్పి కనీసం 7 రోజులు తడపాలి, రెండు వారాల దాకా బండ్లు ఎక్కకూడదు. రోడ్డు మొత్తం మూయలేం కాబట్టి సగం సగంగా కట్టండి, అంటే ఒక నెల పని. ఈ నెల ఓపిక లేకే చాలా హంపులు పాడవుతాయి: మూడో రోజే బారికేడ్ జరిపి ఒకరు పోతారు, వాళ్ల వెనక అందరూ పోతారు. పనికి ముందే ఆ నెలకు రాత్రి కాపలా ఎవరిదో రాసి పెట్టుకోండి.

తారు రోడ్డయితే పని తేలిక. దుమ్ము ఊడ్చి, ట్యాక్ కోట్ (అతుక్కోవడానికి పల్చటి తారు పూత) కొట్టి, 3 టన్నుల వేడి మిక్స్ పరిచి, చిన్న రోలరుతో తొక్కించాలి. లారీ ఆలస్యమై మిక్స్ చల్లారితే తొక్కినా కుదురుకోదు. పొగ రాని మిక్సును వెనక్కి పంపండి.

పని పూర్తయ్యాక అచ్చు పెట్టి చూడండి. సెంటీమీటరు అటూ ఇటూ పరవాలేదు. 12 దాటితే కార్ల అడుగులు రాసుకుంటాయి, 6కు దిగితే ఎవరూ లెక్కచేయరు.

పెయింటు లేకుండా ఒక్క రాత్రి కూడా వదలొద్దు. మామూలు పెయింటు కొన్ని నెలల్లో మాసిపోతుంది. గాజు పూసలు కలిసిన థర్మోప్లాస్టిక్, రెండున్నర మిల్లీమీటర్ల మందం వేయించండి, కాంక్రీటు మీద ప్రైమరు తప్పనిసరి. నలుపు తెలుపు పట్టీలు, రెండు వైపులా రాత్రి లైటు పడితే మెరిసే క్యాట్ ఐలు, 40 మీటర్ల ముందు ఎర్ర అంచు త్రిభుజం బోర్డు. బోర్డు అడుగు అంచు నేల నుంచి 2.1 మీటర్లు ఉంటే నడిచేవాళ్ల తలకు తగలదు.

స్కూలు గేటు ముందు, ఆసుపత్రి దారిలో గుండ్రటి హంప్ బదులు టేబుల్ అడగండి: అదే 10 సెంటీమీటర్ల ఎత్తు, మధ్యలో 3 మీటర్ల చదును, అటూ ఇటూ 1.8 మీటర్ల వాలు. చదును మీద జీబ్రా గీతలు వేస్తే పిల్లలు దిగి ఎక్కకుండా దాటుతారు, అంబులెన్సులో పడుకున్న మనిషికి కుదుపు తగ్గుతుంది.

పసుపు నలుపు రబ్బరు ముక్కలు అపార్టుమెంటు సెల్లారుకు, గేటు లోపలికి సరిపోతాయి, రోడ్డుకు కావు. సుమారు 35 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తుతో అవి మొదట్లో చెప్పిన పొట్టి కట్ట జాతివే. ఒక ముక్క ఊడిపోతే నేలలో మిగిలిన బోల్టులు టైర్లను చీలుస్తాయి. వరుసగా ఆరేడు సన్నటి పట్టీలు వేసే రంబుల్ స్ట్రిప్సు కూడా ఇళ్ల మధ్య వద్దు. రాత్రి పూట ప్రతి బండికీ దడదడ మోత, పక్క ఇళ్లలో నిద్ర ఉండదు.

కట్టాక

నెల తరువాత ఒకసారి, ఆరు నెలల తరువాత మరోసారి అదే పద్ధతిలో కొలవండి. ఈసారి హంప్ దగ్గర కాదు, రెండు హంపుల నడుమ. అక్కడ 85వ అంకె 35 దాటుతుంటే నడుమన పార్కింగు వంకర గానీ, తొట్లు గానీ చేర్చాలి, ఇంకో హంప్ కాదు.

పక్క వీధి లెక్క ముందే తీయమన్నది ఇప్పటి కోసం. మీ వీధి నెమ్మదించాక మళ్లి వచ్చే బండ్లు కొన్ని మెయిన్ రోడ్డుకు తిరిగి పోతాయి, కొన్ని పక్క వీధిలో దూరతాయి. అక్కడివాళ్లు మీ మీదికి గొడవకు రాకముందే పాత లెక్క, కొత్త లెక్క తీసుకుని మీరే వాళ్ల దగ్గరికి వెళ్లండి. పెరిగితే వాళ్ల అర్జీ మీద మీ అసోసియేషన్ సంతకం కూడా పెట్టండి. అసలు వీలైతే రెండు వీధులకూ ఒకే అర్జీ పెట్టడం మంచిది. మళ్లి వచ్చే బండ్లు మొత్తంలో సగం దాటితే మెయిన్ రోడ్డు సిగ్నలు టైమింగు సంగతి కూడా ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు దగ్గర ఎత్తండి, మూలం అక్కడుంది.

ఏటా మే నెలలో, వానలకు ముందు, పెయింటు, క్యాట్ ఐలు, అంచులు చూసుకోండి. మంచినీళ్ల పైపు కోసమో, కేబులు కోసమో రోడ్డు తవ్వినప్పుడు హంప్‌ను సగం తవ్వి మట్టితో పూడ్చి పోతారు. తవ్వేరోజే ఫొటో తీసి ఏఈకి పంపండి. రోడ్డు మళ్లీ వేసేటప్పుడు అసలు చిక్కు వస్తుంది: కొత్త పొర రోడ్డు ఎత్తు పెంచి హంప్‌ను ముంచేస్తుంది, లేదా హంప్ మీద కూడా పొర వేసి దాని ఒంపును చెడగొడుతుంది. పని మొదలయ్యే రోజు కాంట్రాక్టరు సూపర్‌వైజరు చేతికి ఇవ్వడానికి ఆ ప్లైవుడ్ అచ్చు, ఎత్తులు రాసిన కాగితంతో సహా, అసోసియేషన్ ఆఫీసు బీరువా వెనక తడి తగలకుండా నిలబెట్టి ఉంచండి.